గోషామహల్‌లో ఓ తరగతి

హైదరాబాద్‌లో తాగి బండి నడిపి పట్టుబడ్డవాళ్లు కోర్టుకెళ్లే ముందు గోషామహల్ ట్రాఫిక్ శిక్షణ సంస్థకో, బేగంపేటలో ఉన్నదానికో వెళ్లి కౌన్సెలింగ్‌కు కూర్చోవాలి. ఒంటరిగా వస్తే కుదరదు. పెళ్లయినవాళ్లు భార్యను, కానివాళ్లు తల్లినో తండ్రినో వెంట తెచ్చుకోవాలి. నగరంలో 2011 చివర్లో మొదలైన డ్రంకెన్ డ్రైవ్ తనిఖీలతో పాటు పెరుగుతూ వచ్చిన ఏర్పాటిది. దీనివల్ల ఎవరైనా మారుతున్నారా అన్న ప్రశ్నతోనే నేను గోషామహల్ వెళ్లాను.

హాల్లో వెనక వరుసలో కూర్చున్నాను. ఆటో నడిపేవాళ్లు, ఐటీ కుర్రాళ్లు, మేస్త్రీలు, ఇద్దరు ముగ్గురు నడివయసు వ్యాపారులు. “నీకెంతొచ్చింది?” అని గుసగుసగా అడుగుతున్నారు. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే కేసు. “రెండు బీర్లే తాగిన అన్నా, బారాత్‌ల” అంటున్నాడు నా ముందు కుర్రాడు.

కూడళ్ల కెమెరాల్లో రికార్డయిన ప్రమాదాలు తెరమీద చూపించారు. నాకు 2016 జూలై గుర్తొచ్చింది. పంజాగుట్టలో తాగిన విద్యార్థుల కారు డివైడర్ దాటి ఒక కుటుంబం కారు మీద పడి, బడి నుంచి వస్తున్న చిన్నారిని బలిగొంది. తర్వాత అధికారి మోటారు వాహనాల చట్టంలోని 185వ సెక్షన్ వివరించారు. మొదటిసారైతే పదివేల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. రెండోసారైతే పదిహేను వేలు, లేదా రెండేళ్ల వరకు జైలు, లేదా రెండూ. జరిమానా అనగానే తలలెత్తిన వాళ్లు కాసేపటికి మళ్లీ ఫోన్లలోకి వెళ్లిపోయారు.

హాలు మొత్తం విన్నది ఒక భార్య మాట. “మీరు చెప్పండమ్మా” అని అధికారి అడిగితే లేచి నిలబడింది. “రాత్రి పదకొండు దాటితే ఫోన్ మోగినా భయమే, మోగకున్నా భయమే సార్. పిల్లలు నిద్రపోయినట్టు పండుకుంటరు గానీ వాళ్లూ వింటనే ఉంటరు.” పక్కనున్న భర్త తల దించుకున్నాడు. కుటుంబాన్ని వెంట తెమ్మన్న నియమం ఎంత మంచిదో నాకక్కడ అర్థమైంది.

అయినా ఒక పూట పాఠం ఎంతవరకు పనిచేస్తుంది? 1995లో అమెరికాలో వెల్స్-పార్కర్ బృందం ఇలాంటి కార్యక్రమాల మీద వచ్చిన 215 అధ్యయనాలను కలిపి చూసింది. మళ్లీ తాగి నడపడం సగటున 8 నుంచి 9 శాతమే తగ్గింది. పాఠంతో పాటు మానసిక చికిత్స, కొంతకాలం వెంటపడి కనుక్కునే పర్యవేక్షణ కలిసినచోట ఫలితం మెరుగ్గా ఉంది. ఊపిరిలో మద్యం ఉంటే ఇంజను స్టార్ట్ కానివ్వని పరికరం అమర్చితే మళ్లీ పట్టుబడటం బాగా తగ్గుతుంది, కానీ దాన్ని తీసేశాక ఆ మేలు చాలావరకు పోతుంది. అలవాటును తాకనంతకాలం ఏదైనా తాత్కాలికమే.

ఇది బయట వరండాలో మరింత స్పష్టమైంది. ఒకాయన ఇంతకుముందు కూడా పట్టుబడ్డాడు. “లోపల చెప్పింది నాకు తెల్వంది కాదు సార్. పొద్దుగాల ఇంత పడకుంటే చేతులు వణుకుతయి” అన్నాడు. వెంట వచ్చిన తల్లి నా చెయ్యి పట్టుకుంది. “మాన్పించే డాక్టర్ ఎక్కడుంటడు బిడ్డా?” ఎర్రగడ్డ మానసిక వైద్యశాల పేరు చెప్పాను. ఏ బస్సెక్కాలో అడిగి తెలుసుకుంది.

బారాత్‌లో రెండు బీర్లు తాగిన కుర్రాడికి సిగ్గు, భయం, తల్లి కన్నీళ్లు చాలేమో. చేతులు వణికే మనిషికి అవేవీ చాలవు, అతనిది జబ్బు. ఇద్దరికీ ఒకే పాఠం చెప్పి పంపడం నాకు అన్యాయంగా అనిపించింది. వాళ్లను వేరుగా గుర్తించడం కష్టమేమీ కాదు. తాగుడు ముదిరిందో లేదో తేల్చడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేయించిన ‘ఆడిట్’ అనే పది ప్రశ్నల పత్రం ఉంది. నింపడానికి కొద్ది నిమిషాలు చాలు. తరగతికి ముందు ప్రతి ఒక్కరితో దాన్ని నింపించాలి. మార్కులు ఎక్కువొచ్చినవాళ్లను డాక్టరు దగ్గరకు పంపాలి. చికిత్సకు వెళ్లారా లేదా అని మూణ్ణెల్ల తర్వాత మెజిస్ట్రేట్ పిలిచి అడగాలి. అలా చేసి ఉంటే, ఆ తల్లి దారినపోయే నన్ను డాక్టరెక్కడని అడగాల్సి వచ్చేది కాదు.