ముందే కట్టిన ముడి

పిల్లలూ! ధారావాహిక కథ మంచి పట్టులో ఉండగా "ఇంకా ఉంది" అని ఆగిపోతే, మళ్ళీ నెల వచ్చేదాకా మీకు నిద్ర పట్టదు గదా! ఆ ఆత్రం విలువ నేను ఆలస్యంగా తెలుసుకున్నాను.

2015 జూలై 10న "బాహుబలి" మొదటి భాగం విడుదలయింది. బాహుబలిని తానే చంపానని కట్టప్ప చెబుతాడు, ఎందుకో చెప్పడు. సినిమా అయిపోతుంది. అప్పుడు నేను ప్రధానోపాధ్యాయుణ్ణి. ఒక కుర్రవాడు ఆ ప్రశ్నను నల్లబల్ల మీద రాశాడు. నేను కోప్పడి, వాడిచేతనే తుడిపించాను. ఆనాటినుంచి వాడు తరగతిలో నోరు విప్పటం మానేశాడు.

నా మనసు ఊరుకోక, ఒక సాయంత్రం వాళ్ళ ఇంటికి వెళ్ళాను. మా పోచంపల్లిలో చాలామందిలాగే వాడి తండ్రీ నేతపనివాడు. నూలును అక్కడక్కడ రబ్బరుతో బిగించి కడుతున్నాడు. కట్టినచోట రంగు పట్టదు. నేసినప్పుడు అక్కడే పువ్వు తేలుతుంది.

"నేసినంక పువ్వు పెడతమంటే కుదరదు సారూ! ముందుగాలనే నూలుల కట్టాలె," అన్నాడతను.

నాకు చప్పున కట్టప్ప గుర్తుకొచ్చాడు. ఆ రెండు భాగాలూ ఒకే కథగా అల్లినవి. ముడి మొదటి భాగంలోనే పడింది. 2017 ఏప్రిల్ 28న రెండవ భాగం వచ్చినప్పుడు, జనం ఆ ముడి విప్పు చూడటానికి కదిలారు. మొదటిది ప్రపంచమంతటా సుమారు 600 కోట్ల రూపాయలు తెస్తే, రెండవది 1,700 కోట్లు దాటింది.

అమెరికా మహావీరుల సినిమాల్లోనూ ఇంతే. 2018లో "ఎవెంజర్స్" కథ సగం ప్రాణికోటి మాయం కావటంతో ఆగింది. 2019లో వచ్చిన తరువాయి భాగం దానికన్నా ఎక్కువ వసూలు చేసింది. "కెప్టెన్ మార్వెల్" 2019లో 110 కోట్ల డాలర్లు దాటినా, దాని తరువాయి 2023లో సుమారు 20 కోట్లతో సరిపెట్టుకున్నది. అందుకోసం ఎదురుచూసేలా ముడి ఏదీ జనం మనసులో మిగలలేదు.

టికెట్ల ధర, హాళ్ళ సంఖ్య, భాషలు కూడా లెక్కలోకి వస్తాయి. డబ్బు ఎక్కువ వస్తే కథ గొప్పదనీ కాదు. కాని ప్రశ్న లేనిదే ఎదురుచూపు లేదు.

మర్నాడు బడిలో ఆ ప్రశ్న నేనే నల్లబల్ల మీద రాసి, "జవాబు మీరే ఊహించి కథ రాయండి," అన్నాను. వాడు నాలుగు పేజీలు రాశాడు. నిలబడి గట్టిగా చదివాడు కూడా!

పెద్దలకు నా మనవి ఒక్కటే: పిల్లలు ప్రశ్న రాస్తే తుడిపించకండి.