నేను చదువుతున్న నవల, మా తాత వింటున్న నవల



కొత్తగూడెంలో మేం చదువుకునే రీడింగ్ రూంలో పొద్దున ఆరింటికే కుర్చీలు నిండిపోతయి. బల్లల మీద చూస్తే అందరివీ అవే పుస్తకాలు. లక్ష్మీకాంత్ పాలిటీ, తెలంగాణ ఉద్యమ చరిత్ర, కరెంట్ అఫైర్స్. మొన్న నా సంచిలో నుంచి ఒక నవల బయటపడితే పక్క కుర్చీ తమ్ముడు తిరగేసి చూసిండు. "అక్కా, ఇది ఏ పేపర్‌లో వస్తది?" అన్నడు.

ఏ పేపర్‌లోనూ రాదన్న.

"మరి ఎందుకు చదువుతున్నవ్?"

పిల్లగాడు ఎగతాళికి అడగలేదు. వాళ్లమ్మ తునికాకు పైసల్లో నుంచి రూం కిరాయి కడుతది. మా ఇంట్లో కూడా అంతే. గంట చదువు పోతే ఎవరి చెమట పోతదో ఇద్దరికీ తెలుసు. అందుకే ఆ ప్రశ్నను నవ్వి వదిలెయ్యలేకపోయిన. ఇప్పుడు రాస్తున్నది దానికి జవాబే.

ఆ నవల పేరు వనవాసి. బెంగాలీలో ఆరణ్యక్. రాసింది విభూతిభూషణ్ బందోపాధ్యాయ, పథేర్ పాంచాలి కథ రాసిన ఆయనే. 1939లో పుస్తకంగా వచ్చింది. తెలుగులోకి తెచ్చింది సూరంపూడి సీతారాం. మా సీనియర్ అక్క ఒకామె పోతూ పోతూ ఇచ్చిపోయింది. అట్ట ఊడిపోతే అన్నం మెతుకులతో అతికించిన.

కథంతా సత్యచరణ్ అనే మేనేజరు చెప్తడు. కలకత్తాలో చదువుకుని ఉద్యోగం దొరక్క తిరుగుతున్న మనిషి. మనలాంటోడే అనుకోండి. ఒక స్నేహితుడి కుటుంబానికి బీహార్‌లో వేల బిగాల అడవి ఉంటది. దాన్ని ముక్కలు చేసి రైతులకు కౌలుకిచ్చే పని మీద ఇతన్ని పంపుతరు. మొదట్లో ఆ అడవిలో ఒక్క దినం కూడా ఉండలేననుకుంటడు. మెల్లగా అడవి అతన్ని పట్టుకుంటది. వెన్నెల్లో గుర్రమెక్కి ఒక్కడే తిరుగుతడు. అడవి మీద ప్రేమ పెరిగినకొద్దీ ఆ అడవి అతని సంతకం కిందనే తరిగిపోతుంటది.

అందులో యుగళప్రసాద్ అని ఒకాయన ఉంటడు. ఎక్కడెక్కడి నుంచో పూల మొక్కలు, విత్తనాలు తెచ్చి అడవిలో నాటుతడు. ఎవరూ చెప్పలేదు, పైసా రాదు. సరస్వతీ కుండి అనే మడుగు చుట్టూ నాటుతుంటే మేనేజరు కూడా తోడైతడు. చివరికి ఆ మడుగు కూడా కౌలుకు పోతది. ఇంకొకాయన దోబ్రు పన్నా, సంతాల్ రాజు. వాళ్ల వంశం ఒకప్పుడు ఆ అడవుల్ని ఏలింది. మేనేజరు చూడబోయేసరికి రాజుగారు పశువులు కాస్తుంటడు. ఆ ఇంటి పిల్ల భానుమతి. భారతవర్షం పేరు విన్నావా అని మేనేజరు ఆమెను అడుగుతడు. ఆమె వినలేదు. ఆ పేజీ దగ్గర నేను పుస్తకం మూసి చాలాసేపు ఊరికే కూర్చున్న. మా అమ్మమ్మను ఎవరన్నా అదే అడిగితే ఏం చెప్పేది?

మే నెలలో గుండాల మండలంలో ఉన్న మా గూడెం పోయిన. తునికాకు రోజులు. అమ్మ, అమ్మమ్మ చీకటితో అడవికి పోయి ఎండ ముదిరేసరికి మూటలతో వస్తరు. ఇక పగలంతా ఆకు మీద ఆకు పేర్చి, యాభై ఆకులకొక కట్ట. నేను కూడా కూర్చున్న. చేతులు ఆకు మీద ఉంటయి, నోరు ఖాళీ. "ఏం చదువుతున్నవ్ బిడ్డా?" అని తాత అడిగిండు. నవల అన్న. "మాకు చెప్పు" అన్నడు.

మా తాత బొగ్గుబాయిల ఫిల్లరుగా చేసిండు. మందు పేల్చినంక కూలిన బొగ్గును తట్టా చెమ్మస్‌తో టబ్బుల్లో నింపే పని. దిగిపోయి గూడెం వచ్చి ఇరవై ఏండ్లు దాటింది. కండ్లల్ల శుక్లాలు. సంతకం తప్ప చదువు రాదు. బయట తెలుగు మాట్లాడతడు గానీ ఇంట్లో అందరం కోయ భాషే. అట్లా బెంగాలీలో పుట్టి తెలుగులోకి వచ్చిన నవల, మా చింతచెట్టు కింద కోయలోకి దిగింది. సంతాల్ అంటే ఎవరని అడిగితే, మనలాంటోళ్లే, భాష వేరన్న. వాళ్లకు అది చాలింది.

చెప్తుంటే తెలిసింది, తెలుగులో నేను గబగబా దాటేసిన చోట్లలోనే వాళ్లు ఆగుతున్నరు. నవలలో అడవి దున్నపోతుల దేవుడొకడు ఉంటడు, టాండ్‌బారో. వేటగాళ్లు గోతులు తవ్వి మాటు వేస్తే, రాత్రి మంద వచ్చే దారిలో నల్లటి పొడుగు మనిషి గోతి ముందు నిలబడి చెయ్యెత్తి మందను వెనక్కి మళ్లిస్తడట. నేను చదివినప్పుడు మంచి కల్పన అనుకున్న. తాత మాత్రం తల ఊపిండు.

"బాయిల కూడా ఉంటడు" అన్నడు. "కప్పు కూలే ముందు, దానికి ఊతం పెట్టిన కర్ర చప్పుడు చేస్తది. చిట చిట అంటది. అది విని ఉరికొచ్చినోడు బతికిండు. ఆ కర్ర ఏడికెల్లి వచ్చింది? అడవికెల్లే గద. మాకు అదే చెయ్యెత్తిన దేవుడు."

ఆయన మనవరాలినై ఇన్నేండ్లు పెరిగిన. ఈ మాట ఎన్నడూ వినలేదు. ఎందుకంటే నేను ఎన్నడూ అడగలేదు. బెంగాల్ ఆయన రాసిన పుస్తకం వచ్చి అడిగింది.

ఆరో రోజు కథ చివరికి వచ్చింది. మేనేజరు ఉద్యోగం ముగించుకుని పోతుంటడు. అడవి పోయింది. ఆ పాత అడవి దేవతలను మన్నించమని వేడుకుంటడు. నాకు చదివినప్పుడు కండ్లల్ల నీళ్లొచ్చినయి. చెప్పేటప్పుడు కూడా గొంతు పట్టింది. తాత కట్ట కట్టడం ఆపి అడిగిండు.

"మాఫీ ఎవరిని అడిగిండు?"

"అడవి దేవుళ్లను."

"ఆ పిల్లను అడగలే?"

పుస్తకం తీసి వెతికిన. పోయే ముందు భానుమతిని చూసి వస్తడు. ఆమెను పెండ్లి చేసుకుని ఇక్కడే ఉండిపోతే ఎంత బాగుండు అని మనసులో అనుకుంటడు. ఆమెతో అనడు. మాఫీ కూడా దేవుళ్లనే అడుగుతడు, ఆమెను అడగడు.

తాత కోపం చెయ్యలేదు. "రాసినోడు మంచోడే. తన తప్పు దాచుకోలే. కానీ ఆ పిల్ల మనసుల ఏమున్నదో ఆయనకేం తెలుసు? అది ఆ పిల్లే చెప్పాలె" అన్నడు.

అప్పటి నుంచి వనవాసి రెండోసారి చదువుతున్న. ఈసారి మేనేజరు గుర్రం వెనుక పోతలేను. భానుమతి ఉన్న చోట నిలబడి, వచ్చేటోడిని చూస్తున్న. అదే పుస్తకం, వేరే నవల.

ఆ రాత్రే తాతకు ఇంకో ముచ్చట చెప్పిన. మన దగ్గర కింగ్ సీమ్, క్వీన్ సీమ్ అని బొగ్గు పొరలుంటయి కదా. తాత చేసింది కింగ్ సీమ్‌లోనే. ఇన్నేండ్లు కింగ్ అంటే రాజు అనుకున్నడట. కాదు తాతా, 1871లో ఇల్లందు దిక్కు బొగ్గుందని రాసి పెట్టిన జియోలాజికల్ సర్వే దొర పేరు కింగ్ అన్న. తాత పడి పడి నవ్విండు. నవ్వి నవ్వి ఒక మాటన్నడు: "తట్ట ఎత్తినోని పేరు మస్టర్‌ల ఉంటది. రాసుకున్నోని పేరు బొగ్గు మీద ఉంటది."

టేకులపల్లి మండలంలో కోయగూడెం ఓపెన్‌కాస్ట్ ఉన్నది. మన పేరు కూడా బొగ్గు మీద ఉన్నదన్నట్టే. కానీ ఆ పేరు వెనుక ఉన్న బతుకును లోపలి నుంచి చెప్పిన నవల ఏదని వెతికితే, నా చేతికి ఇంకా దొరకలేదు. మీకెవరికైనా తెలిస్తే చెప్పండి, వెంటనే చదువుత.

అట్లని బయటివాళ్లు రాసినవి వద్దని నేను అనను. కొమురం భీం నవలను అల్లం రాజయ్య, సాహు కలిసి రాసిన్రు. 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగిన మనిషి నాకు మొదట కనపడ్డది ఆ పేజీల్లోనే. మహాశ్వేతాదేవి బిర్సా ముండా మీద రాసిన నవల తెలుగులో ఎవరిదీ అడవి పేరుతో ఉన్నది, సహవాసి అనువాదం. బొగ్గుబాయిల మీద తుమ్మేటి రఘోత్తమరెడ్డి నల్లవజ్రం, పి.చంద్ శేషగిరి చదవాల్సిన వరుసలో పెట్టుకున్న. వాళ్లు రాయకపోతే మనకు ఈపాటి కూడా ఉండేది కాదు.

కానీ హాస్టల్‌లో ఉన్నప్పుడు చదివిన ఏడు తరాలు ఇప్పుడు వేరేగా గుర్తుకొస్తున్నది. అది కూడా సహవాసి అనువాదమే, అలెక్స్ హేలీ రూట్స్. ఆఫ్రికా నుంచి బానిసగా పట్టుకుపోయిన కుంటా కింటే కథ మనలో చాలామంది చదివే ఉంటరు. ఆ నవల ఎక్కడ మొదలైంది? చిన్నప్పుడు అమ్మమ్మ ఇంటి అరుగు మీద ముసలమ్మలు చెప్పుకునే ముచ్చట్ల దగ్గర. ఆ ముచ్చట్లలోని నాలుగు ఆఫ్రికా మాటలు పట్టుకుని హేలీ గాంబియాలోని జుఫురే దాకా పోయిండు. అక్కడ వంశాల చరిత్ర నోటితో చెప్పే గ్రియో దగ్గర కూర్చున్నడు. ఆ గ్రియో చెప్పిన దాంట్లో ఎంత నిజమని తర్వాత చరిత్రకారులు గట్టిగానే ప్రశ్నించిన్రు. నాకు దాంట్లో కూడా ఒక పాఠం కనపడ్డది. ఆలస్యమైనకొద్దీ అడగడానికి సరైన మనిషి మిగలడు.

మనకు గ్రియోలు లేరా? డోలీలు ఉన్నరు. పడిగె ముందు పెట్టుకుని మన ఇలవేల్పుల పుట్టుక, గట్టు గోత్రాలు, సమ్మక్క కథ రాత్రుళ్లు రాత్రుళ్లు చెప్పేటోళ్లు. మణుగూరు మండలం కూనవరం సకిని రామచంద్రయ్య గారు కోయలోనూ తెలుగులోనూ ఆ కథలు చెప్పగలిగిన కొద్దిమందిలో ఒకరు. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో పోయిండు. ఆయన గొంతులో ఉన్నదంతా కాగితం మీదికి వచ్చిందని మనలో ఎవరమైనా గుండె మీద చెయ్యేసి చెప్పగలమా?

మన పక్క తండాల నుంచి అయితే దారి పడ్డది. రమేశ్ కార్తీక్ నాయక్ ఢావ్లో కథలకు 2024లో సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. అవి కథలు, నవల కాదు. కానీ తండా బిడ్డ తండా గురించి రాస్తే ఎట్లుంటదో చూపించిన్రు. చదవనోళ్లు చదవండి.

నేను రచయితను కాను. డీఎస్సీ రావాలె, ఇంటికి ఆసరా కావాలె, అది మొదటి పని. కానీ ఊరి నుంచి వచ్చేటప్పుడు వంద పేజీల నోటుబుక్కు ఒకటి కొన్న. తాత చెప్పింది చెప్పినట్టు కోయలోనే, తెలుగు అక్షరాలతో రాస్తున్న. కొన్ని మాటలు అక్షరాలకు లొంగుతలేవు. మా అమ్మకు ఫోన్ చేసి మళ్లీ పలికించుకుంటున్న. ఇప్పటికి పద్నాలుగు పేజీలైంది. కర్ర చిట చిట అన్న రాత్రి ఒకటి, మొదటి జీతంతో అమ్మమ్మకు కొన్న చీర ఒకటి, బాయి నుంచి వచ్చినంక కూడా కలలో టబ్బు నింపిన సంగతి ఒకటి. ఇది నవల అయితదా కాదా నాకు తెల్వది. ఏదో ఒక రోజు ఎవరో ఒక బిడ్డ రాయడానికి కూర్చుంటే, చేతికి అందే తట్టెడు బొగ్గైతే ఉంటది.

తమ్ముడికి ఇదంతా చెప్పలేదు. ఒక్క మాటే అన్న: "ఇది ఏ పేపర్‌లోనూ రాదు తమ్మీ. కానీ నువ్వు మీ ఇంట్లో అడగని ప్రశ్నలు ఇందులో వస్తయి." శనివారం గుండాల బస్సుకు పోతూ పుస్తకం అడిగి పట్టుకపోయిండు. పరీక్ష అయినంక చదువుతనన్నడు. సోమవారం వచ్చి మాత్రం, "అక్కా, ఆ మేనేజరు అడవి అంతా ఇచ్చేస్తడా?" అన్నడు. పరీక్ష ఇంకా కాలేదు.

ఇప్పుడు మీరు చెప్పండి. ఏ నవల చదువుతున్నరు? పేరు, రాసినవాళ్ల పేరు చెప్తే చాలు, మిగతాది మేం వెతుక్కుంటం. ఇంకో చిన్న పని కూడా చెయ్యండి. ఈసారి ఇంటికి పోయినప్పుడు ఆ కథను మీ భాషలో ఇంట్లో పెద్దోళ్లకు చెప్పండి. గోండి, కోయ, కొలామీ, లంబాడీ, ఏదైనా సరే. వాళ్లు ఎక్కడ ఆపుతరో, ఏం అడుగుతరో రాసి పెట్టుకోండి.

మా తాత అయితే రోజూ ఫోన్‌లో అడుగుతున్నడు, తర్వాత ఏం కథ చెప్తవని. ఏడు తరాలు చెప్దామనుకుంటున్న. దసరా సెలవులు దాకా ఆగమన్న. కండ్లు ఆగకపోయినా చెవులు ఆగుతయి బిడ్డా అన్నడు.

జోహార్.