తాత జీపుకు కొత్త వైపరు

మాది గుడియాత్తం. మా తాతకు పాత పెట్రోలు విల్లీస్ జీపు ఉంది. దాని వైపరు కరెంటుతో కాదు, ఇంజన్ గాలి పీల్చే జోరుతో ఆడేది. ఇంజన్ నుంచి వైపరు దాకా సన్న రబ్బరు గొట్టం ఉండేది. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే ఆ జోరు తగ్గి వైపరు నిలిచిపోతుంది.

పోయిన వానాకాలం పేర్ణంబట్టు దాటి వి.కోట ఘాటు ఎక్కుతా ఉంటే జోరువాన. తొక్కకపోతే బండి ఎక్కదు, తొక్కితే దారి కనపడదు. ఎదురుగా లారీ లైట్లు! తాత ఒక చేత్తో స్టీరింగు పట్టుకొని, ఇంకో చెయ్యి బయటపెట్టి తువ్వాలతో అద్దం తుడిచినాడు. అవ్వ నా చెయ్యి గట్టిగా పట్టుకునింది. "పాత బండిలో ఏమీ మార్చకూడదు" అనే తాత ఆ రాత్రి ఏమీ మాట్లాడలేదు.

మరుసటి వారం వేలూరుకు పోయినాము. మెకానిక్ మామ మొదట "బ్యాటరీ ఎన్ని ఓల్టులు?" అని అడిగాడు. ఈ పాత జీపులకు మొదట 6 ఓల్టులే. మాది ముందే 12కు మార్చి ఉన్నారు. అందుకే 12 ఓల్టుల మోటారు బిగించి, ఫ్యూజు పెట్టి, స్విచ్చికి వైరు లాగాడు. గొట్టం ఊడదీసిన రంధ్రానికి బోల్టు బిగించాడు. "మూయకపోతే గాలి దూరి ఇంజన్ సరిగా ఆడదు" అన్నాడు.

మళ్లీ వానలో అదే ఘాటు ఎక్కినాము. వైపరు ఆగలేదు. తాత మాత్రం అలవాటుగా మధ్యమధ్యలో కాలు ఎత్తుతానే ఉన్నాడు.

"తొక్కు తాతా, ఇంక ఆగదులే" అన్నాను.