కంసాలి ఇంటి పుటలు

1962 నవంబరు 11, ఆదివారం, గుడివాడ
యుద్ధనిధికి బంగారం అడుగుతూ మా వీధిలోకి వచ్చారు. చైనావాళ్ళు కొండలు దిగి వస్తున్నారంటే గుండె ఝల్లుమంది. చెవుల కమ్మలు తీసిచ్చాను. పళ్ళెంలో వేసే ముందు మా ఆయన త్రాసులో పెట్టి తూచారు, అలవాటు కదా! అర కాసు. రసీదు ఆయన పెట్టెలో దాచారు. నేను చెవులకు చీపురుపుల్లలు పెట్టుకున్నాను.

1963 జనవరి 12
ఇక 14 కారెట్లకు మించిన నగ చెయ్యకూడదట. మొరార్జీ దేశాయిగారి ఉత్తర్వు. మన చేతిపనేమో 22. "24 పాళ్ళలో 10 పాళ్ళు రాగీ వెండీ కలిపితే ఎవరు కొంటారే?" అన్నారాయన. పొద్దుగూకేలోగా ముగ్గురొచ్చి మాఘమాసం పెళ్ళిళ్ళకిచ్చిన బంగారం వెనక్కి పట్టుకుపోయారు.

1963 సెప్టెంబరు 3
పుస్తెలమ్మయినా పులస తినాలంటారు గోదారివాళ్ళు. మేం పుస్తెలమ్మి నూకలు తెచ్చుకున్నాం. మెడలో పసుపుకొమ్ము. కంసాలులు ప్రాణాలు తీసుకుంటున్నారని పేపర్లో రాస్తున్నారు. ఆసిడ్ సీసా నూకల డబ్బా వెనక దాచాను. ఆయన నిద్రపోయేదాకా నాకు కన్ను మూతపడదు.

1965 అక్టోబరు 18, సోమవారం, చిలకలపూడి
బందరు వచ్చేశాం. ఆయనకు రోల్డుగోల్డు పని, రోజుకూలీ. రాగి మీద పల్చటి బంగారు రేకు. గట్టిగా గీటితే రాగి బయటపడుతుంది. అందుకే ఆయన గీటురాయి పెట్టెలోంచి తియ్యలేదు. ప్రధాని శాస్త్రిగారు సోమవారం రాత్రి భోజనం మానమన్నారు. మాకు రెండేళ్ళుగా అన్నీ సోమవారాలే.

1977 నవంబరు 27
దివిసీమ నుంచి ఒకామె వచ్చింది. కొంగుముడి విప్పి గొలుసు తీసింది. ఉప్పెనలో పోయిన పిల్ల మెడలోదట. "మొహం గుర్తుపట్టేట్టు లేదయ్యా. మా చెల్లికి గొలుసు ఇక్కడే కొన్నాం. ఇది మీరు చేసిందేనా?" ఆయన వెలుతురులోకి తీసుకెళ్ళి కొక్కెం తిప్పి చూశారు. "నా అతుకేనమ్మా" అన్నారు. ఆమె అక్కడే కూలబడి ఏడ్చింది. రాత్రి ఆయన అన్నం ముట్టలేదు. గీటురాయి తీసి, తుడిచి, మళ్ళీ పెట్టెలో పెట్టారు.

1990 జూన్ 10
బంగారం చట్టం ఎత్తేశారట. ఆయన కళ్ళకు శుక్లాలు. అబ్బాయి చదివి వినిపించాడు. "వీడు ఊదుగొట్టం పడితే నీ పుస్తెలు నేనే చేస్తానే" అన్నారు. మూస కోసం పాత పెట్టె వెదుకుతుంటే అడుగున 1962 నాటి రసీదు దొరికింది. కమ్మలు, ఒక జత. ఇచ్చినవారు అన్నచోట ఆయన పేరు ఉంది. ఇన్నేళ్ళూ నేను చూడనేలేదు.
చదివి వినిపించాను. ఆయన మాట్లాడలేదు.
"పుస్తెలు తర్వాత. ముందు నా కమ్మలు చెయ్యండి" అన్నాను.