స్టెప్పులేవీ?

పక్కింటి కుర్రాడి లెక్కల పేపరు చూసిన దగ్గర్నుంచీ ఒళ్లు మండిపోతోంది. వింబుల్డన్ పురుషుల సింగిల్స్‌లో 128 మంది ఆడతారు, ఓడినవాడు ఇంటికే. మొత్తం ఎన్ని మ్యాచ్‌లు? ఇదీ ప్రశ్న. వాడు ఒకే వాక్యం రాశాడు: ‘మ్యాచ్‌కి ఒకడు ఓడతాడు, విజేత తప్ప అందరూ ఓడాలి, కాబట్టి 127.’ దిద్దినవారు సగం మార్కులు కోసేసి, ‘స్టెప్పులేవీ?’ అని ఎర్రసిరాతో గీకారు. 64, 32, 16 అని కూడుకుంటూ రావాలట!

నాకూ ఉండేవారొక మాస్టారు. లెక్కంటే నాలుగు పేజీలుండాలి. రఫ్ వర్క్ కనబడకపోతే కాపీ కొట్టినట్టే, గోడకుర్చీ వేయాల్సిందే. చదరంగం పలకలో ఎదురెదురు మూలల గళ్లు రెండు తీసేస్తే 62 మిగులుతాయి కదా, రెండేసి గళ్లు కప్పే 31 బిళ్లలతో వాటిని నింపగలమా అని అడిగితే, ఆయన పేర్చి చూడమనేవారు. తెల్లారిపోయేది. రంగులు చూస్తే చాలు కదండీ! తీసేసిన రెండూ ఒకే రంగు గళ్లు. మిగిలినవి ఒక రంగువి 30, రెండో రంగువి 32. ఏ బిళ్లయినా ఒక తెలుపునీ ఒక నలుపునీ కప్పుతుంది. కుదరదు. అయిపోయింది. ఇలాంటి నిరూపణలన్నీ దేవుడి దగ్గర ఒక పుస్తకంలో ఉంటాయనేవాడు గణితవేత్త పాల్ ఎర్డిష్.

పక్కపక్క ప్రాంతాలకు ఒకే రంగు పడకుండా ఏ మ్యాపుకైనా నాలుగు రంగులు చాలా అని 1852లో ఫ్రాన్సిస్ గుత్రీకి సందేహం వచ్చింది. 1976లో అపెల్, హాకెన్‌లు కంప్యూటర్‌ని వెయ్యి గంటలకు పైగా నడిపి చాలునని తేల్చారు. ఒప్పుకుంటాను. కానీ ఎందుకు చాలునో ఆ గంటలన్నీ కలిసి నాకు చెప్పలేదు. మా మాస్టారు మాత్రం సంబరపడి ఉంటారు, అన్ని స్టెప్పులు మరి!

ఆయన చేతిలో రామానుజన్ పడి ఉంటేనో? కాగితం ఖర్చని పలక మీద లెక్క వేసి, మోచేత్తో తుడిచేసి, ఫలితం ఒక్కటీ నోటుపుస్తకంలో ఎక్కించేవాడు. వాటికి స్టెప్పులు సమకూర్చడానికి బ్రూస్ బెర్న్ట్‌కి అయిదు సంపుటాలు పట్టాయి. ఆ పలక మీద ఎంత చాకిరీ జరిగి ఉంటుందంటారా? జరిగే ఉంటుంది. ఆ సంగతి మా మాస్టారి చెవిన వేయకండి.

మీకొక లెక్క. 24 గళ్ల చాక్లెట్ బార్‌ని ఏ గడికి ఆ గడి విడదీయాలి. ఒకసారికి ఒక్క ముక్కనే విరవాలి. ఎన్ని విరుపులు? కాగితం తీయకండి. ఒక్కో విరుపుకి ఎన్ని ముక్కలు పెరుగుతున్నాయో చూడండి, చాలు.