నవ్వుల రేలంగి

నవ్వటం అందరికీ వచ్చు. నలుగురినీ నవ్వించటం కొద్దిమందికే వస్తుంది. దాన్నే వృత్తిగా పెట్టుకుని, అనేక రకాల పనులు చేస్తూ పైకి వచ్చిన నటుడు రేలంగి వెంకట్రామయ్య.

ఆయన పుట్టినది రావులపాలెం దగ్గిర రావులపాడులో, పెరిగినది కాకినాడలో. తండ్రి సంగీతమూ, హరికథలూ నేర్పేవాడు. అందుచేత కుర్రవాడికి పాటా మాటా చిన్నప్పుడే అబ్బాయి. నాటకాల్లో ఆడవేషాలు కూడా వేశాడు. 1935లో సి. పుల్లయ్య తీసిన “శ్రీకృష్ణ తులాభారం”తో సినిమాల్లో ప్రవేశించాడు.

అంతటితో పేరు వచ్చిందా? రాలేదు. చాలాకాలం చిన్నచిన్న వేషాలే దొరికాయి. వేషం లేనప్పుడు పుల్లయ్యగారి వద్దనే ఉండి, చిత్ర నిర్మాణంలో ఏ పని చెబితే ఆ పని చేశాడు. ఇట్లా పధ్నాలుగేళ్ళు గడిచాయి. 1949లో “గుణసుందరి కథ” వచ్చింది. అందులో రాజుగారి అల్లుడి వేషం చూసి జనం ఆయనను గుర్తుపట్టారు. ఇక ఆ తరవాత ఆయనకు తీరికే లేకపోయింది.

మాది కొల్లేటి ఒడ్డున ఒక పల్లె. నేను ఏలూరులో మా మామయ్య ఇంట ఉండి చదువుకునే రోజుల్లో, మా బడిలో ఉత్తర గోగ్రహణం నాటకం తలపెట్టారు. అర్జునుడి వేషానికి ఆరుగురు పోటీపడ్డారు. ఉత్తరకుమారుడి వేషం ఎవరికీ అక్కర్లేకపోయింది. చివరకు చీట్లు వేస్తే అది నాకు వచ్చింది.

అప్పుడు ఊళ్ళో 1963 నాటి “నర్తనశాల” మళ్ళీ ఆడుతున్నది. మామయ్య నన్ను తీసుకుపోయాడు. అందులో ఉత్తరుడు రేలంగి. అంతఃపురంలో ఎన్నో ప్రగల్భాలు పలికినవాడు, తీరా కౌరవసేనను చూడగానే గడగడలాడిపోయాడు. హాలంతా ఒకటే నవ్వు!

“చూశావురా? ఆయన నవ్వించాలని ప్రయత్నించటం లేదు. నిజంగా భయపడుతున్నాడు. ‘మాయాబజార్‌’లో లక్ష్మణకుమారుడూ అంతే. తాను గొప్ప అందగాడినని మనస్ఫూర్తిగా నమ్ముతాడు. మనకు నవ్వు వచ్చేది అందుకే,” అన్నాడు మామయ్య.

ఇంటికి వచ్చాక మరొక మాట చెప్పాడు: “భారతంలో విరాటరాజు, కౌరవులను నువ్వే గెలిచావని పొగిడితే, ఉత్తరుడు ఆ పొగడ్త పుచ్చుకోలేదు. గెలిచింది తాను కాదన్నాడు. వాడు పిరికివాడే గాని దొంగ కాదు.”

నాటకం రోజున నేనూ నిజంగానే వణికాను—ఎదురుగా ఉన్న జనాన్ని చూసి! అందరూ విరగబడి నవ్వారు. కాని చివర, “గెలిచింది నేను కాదు, తండ్రీ!” అనేసరికి ఒక్కరూ నవ్వలేదు. ఆ నిశ్శబ్దం నాకు ఇప్పటికీ జ్ఞాపకం.

రేలంగి తరవాత “సమాజం” అనే చిత్రం నిర్మించాడు. తాడేపల్లిగూడెంలో సినిమాహాలు కట్టించాడు. 1970లో ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది. 1975లో ఆ తాడేపల్లిగూడెంలోనే కన్నుమూశాడు.

పిల్లలూ, మీ బడి నాటకంలో ఎవరూ కోరని వేషం మీకు వస్తే కాదనకండి. రేలంగికి పేరు తెచ్చినవి అటువంటి వేషాలే.