పంతులమ్మా - పాజ్ బటనూ

మన ఆఫీసుల్లో ఏదైనా కొత్త టూల్ జనానికి ఎక్కకపోతే వెంటనే ఒక మాట అనేస్తాం, "యూజర్లకి ట్రైనింగ్ సరిపోలేదు" అని. అంటే టూల్ బంగారం, వాడేవాళ్ళకే రాదు అని అర్థం :) ప్రభుత్వ బళ్ళలో టీచర్ల గురించి కూడా లంచ్ టేబుల్ దగ్గర మనవాళ్ళు ఇదే మాట అనడం చాలాసార్లు విన్నాను. "టీవీలిచ్చారు, ట్యాబులిచ్చారు, కంటెంటంతా ఫ్రీ. టీచర్లు నేర్చుకోరండీ, అదీ సమస్య!" అని తేల్చేస్తారు. ఇలా తేల్చేసినవాళ్ళలో బడి వదిలేశాక మళ్ళీ ఒక ఎలిమెంటరీ క్లాసులో గంటసేపు కూర్చున్నవాళ్ళు నాకు ఒక్కళ్ళు కూడా తగల్లేదు. మా అక్క పుణ్యమా అని నేను కూర్చున్నాను. అంచేత చూసింది చెప్తాను, ఆ తర్వాత మీ ఇష్టం.

మా అక్క సెకండరీ గ్రేడ్ టీచరు. 1998 డీఎస్సీలో ఉద్యోగం వచ్చింది. మార్కాపురం అవతల ఒక పల్లెలో మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల. మార్కాపురం అంటే తెలుసుగా, మనలో చాలామంది అఆలు దిద్దిన రాతిపలకలు ఆ చుట్టుపక్కల గనుల్లోంచి వచ్చినవే. బడిలో ఇద్దరు టీచర్లు, ఐదు తరగతులు, ఇరవై ముగ్గురు పిల్లలు. రెండో ఆయన మీటింగుకి వెళ్ళినరోజు ఐదు తరగతులూ అక్కవే. పిల్లల్లో సగంమంది పక్క తండా నుంచి వస్తారు, ఇంట్లో మాట్లాడేది లంబాడీ.

అసలు పల్లెటూరి బడికి తెర రావడం కొత్తేమీ కాదండోయ్. 1975 ఆగస్టు నుంచి 1976 జులై దాకా ఇస్రో వాళ్ళు నాసా ఉపగ్రహం ఏటీఎస్-6 ని వాడుకుని ఆరు రాష్ట్రాల్లో 2400 పల్లెలకి టీవీ కార్యక్రమాలు పంపారు. 'సైట్' అనేవాళ్ళు ఆ ప్రయోగాన్ని. ఆ ఆరింట్లో మన ఆంధ్రప్రదేశ్ కూడా ఒకటి. పొద్దున పూట బడిపిల్లలకి, సాయంత్రం పెద్దవాళ్ళకి. ఏడాది అవగానే ఉపగ్రహం అమెరికావాళ్ళ పనికి వెనక్కి వెళ్ళిపోయింది. అంటే యాభై ఏళ్ళ కిందటే మన పల్లె పిల్లలు అంతరిక్షం నుంచి దిగిన పాఠం విన్నారన్నమాట. తెర ఉండటమొక్కటే సరిపోయేట్టయితే ఈపాటికి మనం ఎక్కడో ఉండాలి!

సరే, అసలు విషయానికొస్తాను. 2020 మార్చిలో బళ్ళు మూతబడ్డాయి. నాకు వర్క్ ఫ్రమ్ హోమ్ ఇచ్చారు, నేను హైదరాబాదు గది ఖాళీ చేసి అక్కావాళ్ళింటికి చేరాను. జూన్ నుంచి దూరదర్శన్ సప్తగిరిలో 'విద్యావారధి' పేరుతో పాఠాలు మొదలయ్యాయి. అక్క పని, పిల్లలు చూశారో లేదో కనుక్కోవడం, వర్క్‌షీట్లు పంపడం, జవాబులు దిద్దడం. ఇరవై ముగ్గురు పిల్లల ఇళ్ళలో స్మార్ట్ ఫోన్లు పదకొండు. ఆ పదకొండూ నాన్నల జేబుల్లో ఉంటాయి. నాన్న పొద్దున్నే పనికెళ్తే ఫోనూ పనికెళ్తుంది. మళ్ళీ ఇంటికొచ్చేది రాత్రి ఏడున్నరకో ఎనిమిదికో. అందుకని అక్క బడి రాత్రి ఎనిమిదికి తెరిచేది. సరిగ్గా నా అమెరికా క్లయింటు కాల్ టైమది. హాల్లో ఆ చివర నేను "కెన్ యూ హియర్ మీ" అంటుంటే, ఈ చివర అక్క "వినపడతందా నానా" అనేది.

మొదటి అడ్డంకి ఎక్కడొచ్చిందో చెప్తే మీకు నవ్వొస్తుంది. ఫాంట్ల దగ్గర. అక్క దగ్గరున్న ప్రశ్నాపత్రాలన్నీ డీటీపీ షాపులో అను ఫాంట్లలో కొట్టించినవి. అందులోంచి నాలుగు లైన్లు కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే పిచ్చి పిచ్చి గుర్తులు. పాతకాలం ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల కోడ్‌ల మీద తెలుగు బొమ్మలు అతికించినవనీ, యూనికోడ్‌లో మన ప్రతి అక్షరానికీ సొంత నంబరుందనీ చెప్పాను. అక్క ఒక్క నిమిషం ఆలోచించి, "అంటే రోల్ నంబర్లు వేరే బడివి వేసుకొచ్చారన్నమాట" అంది. ఇంతకంటే మంచి ఎక్స్‌ప్లనేషన్ నేను ఏ టెక్ టాక్‌లోనూ వినలేదు, నిజంగా.

టైపింగ్ కష్టంగా ఉందంటే ఫోన్‌లో వాయిస్ టైపింగ్ చూపించాను. గూగుల్ వాళ్ళు 2017 లోనే తెలుగుకి తెచ్చారది. అక్క మొదట్లో పాఠం చెప్పినట్టు గట్టిగా, అక్షరం అక్షరం విడదీసి చెప్పేది, ఫోన్‌కి ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. మామూలుగా మాట్లాడమంటే అప్పుడు దారికొచ్చింది. రెండో వారానికల్లా మాట్లాడి, తప్పులు దిద్దుకుని పంపడం వచ్చేసింది.

ఆ రోజుల్లోనే ఆన్‌లైన్ ట్రైనింగులు కూడా వచ్చిపడ్డాయి. వీడియో చూడాలి, ప్రోగ్రెస్ బార్ నిండాలి, చివర్లో క్విజ్, ఆ పైన సర్టిఫికెట్. చాలా ఇళ్ళలో ఇవి పూర్తి చేసింది పిల్లలో, తమ్ముళ్ళో. మా అక్క నన్ను ముట్టుకోనివ్వలేదు. "నా పిల్లల్ని కాపీ కొట్టొద్దని చెప్పేదాన్ని, నేనెట్టా కొట్టను రా" అంది. అర్ధరాత్రి దాకా కూర్చుని చూసేది. నెట్ పోతే బార్ వెనక్కెళ్ళేది. ఒకరోజు క్విజ్‌లో రెండుసార్లు ఫెయిలయింది. ఫోన్ పక్కన పడేసి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇరవై రెండేళ్ళు చెప్పాను రా పాఠాలు. ఇప్పుడు నాకు అసలు చెప్పడం వచ్చా అని అనుమానమొస్తంది" అంది.

నాకు ఆ మాట చాలా గుచ్చుకుంది. ఎందుకంటే ఆ క్విజ్ పరీక్షించింది టీచర్‌ని కాదు. ఏ బటన్ ఎక్కడుందో తెలుసా లేదా అన్నదాన్ని. ఇరవై రెండేళ్ళ అనుభవం ఉన్న మనిషికి తన పనే తనకి రాదనిపించే సాఫ్ట్‌వేర్ రాయడానికి మనకి ఎవరిచ్చారండీ హక్కు?

అదే నెలలో అక్క ఎవరూ నేర్పని పనొకటి చేసింది. వర్క్‌షీట్లు మానేసి, రోజూ నాలుగు లైన్లు చదివి వాయిస్ మెసేజ్ పెట్టమంది పిల్లల్ని. రాత్రి పూట చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఒక్కొక్కటీ వినేది. మూడో తరగతి పిల్లాడొకడు గడగడా చదివేవాడు. నేనైతే వాడే క్లాస్ ఫస్ట్ అనుకున్నాను. నాలుగోరోజు అక్క, "వీడు చదవట్లేదు రా, అప్పజెప్తున్నాడు" అంది. మర్నాడు అదే పాఠం కింది లైను నుంచి పైకి చదవమంది. వాడి దగ్గర్నుంచి రెండు రోజులు మెసేజే లేదు. మూడోరోజు వచ్చింది. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ, మధ్యలో ముక్కు ఎగబీలుస్తూ. వాడికి చదవడం రాదనే సంగతి మూడేళ్ళలో మొదటిసారి బయటపడింది. క్లాసులో అందరితో కలిసి కోరస్‌గా చదివేటప్పుడు ఆ గొంతు విడిగా వినపడలేదు, ఫోన్‌లో వినపడింది. ఇది కదా టెక్నాలజీ చెయ్యాల్సిన పని! కానీ వినిపించింది ఫోనయినా, అప్పజెప్పడానికీ చదవడానికీ తేడా పట్టింది అక్క చెవి. ఈ రెంటిలో ఏది లేకపోయినా ఆ పిల్లాడు దొరికేవాడు కాదు.

బళ్ళు తెరిచాక కూడా అక్క ఆపలేదు. ఈ నాలుగైదేళ్ళు చూశాక నాకర్థమయింది ఏంటంటే, టీచర్ ఫోన్‌లో రెండు జాతుల టూల్స్ ఉంటాయి. అడిగేవి, ఇచ్చేవి.

అడిగేవి అంటే హాజరు ఎంత, భోజనం ఎందరు తిన్నారు, గుడ్లెన్ని, గది ఫొటో పెట్టు, అదే పిల్లాడి వివరాలు ఇందులో ఎక్కించు, ఆ తర్వాత అందులో ఎక్కించు. ఒక దశలో ఉదయం మొదటి పీరియడ్ వీటికే పోయేదని అక్క అనేది. ఈ లెక్కలు అక్కర్లేదని నేననను, డ్యాష్‌బోర్డుల మీద బతికేవాణ్ణి నేను, ఎలా అంటాను? కానీ ఒకే డేటా మూడుచోట్ల కొట్టించడం తప్పని మనకి ఇంజనీరింగ్ రెండో ఏడాది డీబీఎంఎస్‌లోనే చెప్పారు కదా. అక్కడ పోయేది డిస్క్ స్పేస్ కాదు, ఒకటో తరగతి పిల్లల పీరియడ్.

ఇక ఇచ్చేవి. 2017 సెప్టెంబరు 5న మొదలైన దీక్షా ఉంది. పాఠ్యపుస్తకంలో క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే ఆ పాఠం తాలూకు వీడియో వస్తుంది. ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ 2015 సెప్టెంబరు 8న వచ్చింది. పిల్లల బొమ్మల కథలు, చదివే స్థాయిని బట్టి నాలుగు లెవెల్స్, తెలుగులోనూ ఉన్నాయి. ఓపెన్ లైసెన్స్ కాబట్టి ఎవరి అనుమతీ అడక్కుండా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, ప్రింట్ తీసుకోవచ్చు, మన భాషలోకి మార్చుకోవచ్చు. గూగుల్ రీడ్ అలాంగ్ 2020 లో తెలుగు కూడా కలుపుకుంది. పిల్లలు చదువుతుంటే విని, తప్పితే పలికి చూపించే యాప్ అది. కథలు దింపుకుంటే నెట్ లేకపోయినా నడిచేది. క్లాసులో నలుగురి ముందు నోరు విప్పని ఒక తండా పిల్ల, వరండాలో స్తంభం చాటున కూర్చుని ఆ యాప్‌కి చదివి వినిపించేదట. "అది నవ్వదు కదా టీచర్" అందట ఆ పిల్ల. అక్క ఆ మాట నాకు చెప్పి, ముందు క్లాసులో ఎవరు నవ్వుతున్నారో కనిపెట్టి వాళ్ళ పని పట్టింది.

2023 లో బడికి స్మార్ట్ టీవీ వచ్చింది. నెట్ సంగతి దేవుడెరుగు, నేను పెన్‌డ్రైవ్‌లో కథలు ఎక్కించి ఇచ్చాను. ఆ వారంలోనే వెళ్ళి వెనక బెంచీ మీద కూర్చుని చూశాను. ఒకటి, రెండు తరగతులకి కథ పెట్టి, అక్క ఐదో తరగతికి భాగహారాలు చెప్తోంది. ఐదు నిమిషాలు పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూశారు. కథ అయ్యాక ఏం జరిగిందని అడిగితే ఒక్కడు "కోతి" అన్నాడు. మిగతావాళ్ళు అదీ లేదు :)

మర్నాడు అక్క ఐదో తరగతి పిల్లనొకదాన్ని టీవీ దగ్గర రిమోట్‌తో నిలబెట్టింది. పేజీ మారినప్పుడల్లా పాజ్ నొక్కాలి. "ఇప్పుడేమవుద్ది?" అని అడగాలి. ముగ్గురు జవాబు చెప్పాకే మళ్ళీ ప్లే. ఐదు నిమిషాల కథ ఇరవై నిమిషాలు పట్టింది. అరుపులు, వాదనలు, ఒకడు లేచి తెర మీద వేలు పెట్టి చూపించడం. ఈసారి కథ మొత్తం చెప్పారు, లేనివి కూడా కలిపి చెప్పారు. కోట్లు ఖర్చుపెట్టి చేసే కంటెంట్‌లో అన్నిటికన్నా పనికొచ్చే ఫీచర్ పాజ్ బటన్ అని నాకు ఆరోజు తెలిసింది. 1975 నాటి ఉపగ్రహం టీవీకి లేనిది అదే. మేష్టారు "ఆగు" అంటే అది ఆగేది కాదు.

ఆ తర్వాత ఇంకో అడుగు వేసింది. ఆ రిమోట్ పిల్లది తండానే. కథని లంబాడీలో చెప్పమని ఫోన్‌లో రికార్డు చేసింది. జూన్‌లో కొత్తగా చేరిన ఒకటో తరగతి పిల్లలకి ముందు ఆ రికార్డింగ్, తర్వాత అదే బొమ్మలతో తెలుగు కథ. బడిలో తమ ఇంటిమాట వినపడేసరికి ఆ పిల్లల మొహాలు చూడాలి మీరు. ఆ ఫైలు సైజు రెండు ఎంబీ కూడా లేదు.

అలాగని అద్భుతాలు జరిగిపోయాయని చెప్పను. ఏడాది చివర్లో కూడా ఒక పేరా తడుముకోకుండా చదవలేని పిల్లలు ఐదారుగురు మిగిలారు. మన వాయిస్ మెసేజ్ పిల్లాడు మాత్రం ఐదో తరగతి దాటేసరికి పేపర్లో సినిమా పేజీ మొత్తం చదివేవాడు. చదువంటే సినిమా పేజీయేనా అనకండి, మనం మాత్రం ఎక్కడ మొదలుపెట్టాం?

ఇక్కడ మనకి పనికొచ్చే లెక్క ఒకటుంది. అక్క చేతిలో నిలబడిన టూల్స్ అన్నీ ఒకసారి వరసగా చూడండి. నెట్ లేకపోయినా నడిచాయి. టీచర్ ఆపమన్నచోట ఆగాయి. తనకి కావలసినట్టు మార్చుకోనిచ్చాయి. తిరిగి ఏమీ అడగలేదు. నిలబడనివాటికి ఈ నాలుగింట్లో కనీసం రెండు లేవు. ఇందులో ట్రైనింగ్ ఊసెక్కడా లేదు, గమనించారా? నేర్చుకోవాల్సిన అవసరం కనపడితే మనుషులు నేర్చుకుంటారు. మా అక్క యాభై ఏళ్ళకి ఆడియో కత్తిరించడం నేర్చుకుంది, ఒక పిల్ల మధ్యలో దగ్గిందని!

మనలో చాలామందికి సొంతూరి బడికి ఏదో చెయ్యాలని ఉంటుంది. వెంటనే ఒక యాప్ రాసేద్దాం, ప్రొజెక్టర్ కొనిచ్చేద్దాం అనిపిస్తుంది. అదంతా తర్వాత. సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు బడికి సెలవులుంటాయి కాబట్టి రెండు రోజులు ముందే వెళ్ళండి. హెడ్మాస్టరుగారిని అడిగి ఒక పూట వెనక బెంచీలో కూర్చోండి. జేబులో ఖాళీ పెన్‌డ్రైవ్ ఒకటి పెట్టుకోండి. పూట అయ్యాక "మేడమ్, ఇందులో ఏం ఎక్కించి తెమ్మంటారు?" అని అడగండి. రిక్వైర్‌మెంట్స్ అంటే ఇవే కదా, మనకి జీతమిచ్చేది కూడా ఈ ప్రశ్న అడిగినందుకే.